ఆఖరివాడే షట్టర్ దించాలి: కెర్నల్లో రిఫరెన్స్ కౌంటింగ్

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో సెమాఫోర్లకి చోటు ఉంది, డెడ్‌లాక్‌లకి చోటు ఉంది, ఫోర్కుల కోసం కొట్టుకుంటూ అన్నం తినకుండా కూర్చునే తత్వవేత్తలకి పది మార్కుల ప్రశ్నే ఉంది. రిఫరెన్స్ కౌంట్‌కి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "లెక్క సున్నా అయితే ఆ మెమొరీని వదిలేస్తారు." పరీక్షకి అది చాలు. కానీ లైనక్స్ కెర్నల్ కోడ్ తెరిచి చదవడం మొదలుపెడితే ఆ వాక్యంలో "అయితే" అన్న మాట ఎంత బరువుదో తెలుస్తుంది. సున్నా అయిందని చూసింది ఎవరు? చూసిన క్షణానికీ వదిలేసిన క్షణానికీ మధ్యలో ఇంకెవరైనా వచ్చారా? ఈ ప్రశ్నలకి కోడ్ సరిగ్గా జవాబు చెప్పకపోతే, మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడు రూట్ అయిపోవచ్చు. నిజంగా అయ్యారు కూడా. అలాంటి కేసు ఒకటి, 2016 నాటిది, కింద పూర్తిగా చెప్తాను. సీ భాషలో పాయింటర్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఎవరైనా దీన్ని చదవొచ్చు.

ముందు ల్యాబ్‌లో రెండు నిమిషాల్లో చేయగలిగే ప్రయోగం. ఒక పెద్ద ఫైలు తయారుచేయండి, ఒక జీబీ ఉంటే బాగా కనిపిస్తుంది. ఒక టెర్మినల్‌లో దాన్ని ఏదో ఒక ప్రోగ్రామ్‌తో తెరిచి ఉంచండి. రెండో టెర్మినల్‌లో ఆ ఫైలుని డిలీట్ చేయండి. ఫోల్డర్‌లో పేరు మాయమవుతుంది. కానీ డిస్కులో ఖాళీ ఎంతుందో చూడండి, పెరగదు. మొదటి ప్రోగ్రామ్‌ని మూసేసి మళ్ళీ చూడండి, ఇప్పుడు పెరుగుతుంది.

ఇక్కడ పనిచేసినవి రెండు లెక్కలు. ఆ ఫైలుకి డిస్కు మీద ఎన్ని పేర్లు ఉన్నాయన్నది ఒకటి. మెమొరీలో దాన్ని ఎంతమంది పట్టుకుని ఉన్నారన్నది రెండోది. డిలీట్ చేస్తే మొదటి లెక్క సున్నా అవుతుంది, రెండోది అవదు. రెండూ సున్నా అయితేనే ఫైలు పోతుంది. ప్రోగ్రామ్ ఫైలు తెరిచినా, ఫోర్క్ చేసి పిల్ల ప్రాసెస్‌కి అదే ఫైలు అప్పగించినా, డూప్ చేసినా కెర్నల్ ఎక్కడో ఒక అంకెకి ఒకటి కలుపుతుంది. మూసినప్పుడు ఒకటి తీసేస్తుంది. ఫైళ్ళే కాదు, ప్రాసెస్‌లు, సాకెట్లు, యూఎస్‌బీ డివైసులు, మౌంట్ పాయింట్లు, అన్నిటిలోనూ ఇలాంటి అంకె ఉంటుంది.

ఈ పద్ధతి కెర్నల్ కంటే చాలా పాతది. 1960లో జార్జ్ కాలిన్స్ లిస్టుల మెమొరీని తిరిగి తీసుకోవడానికి దీన్ని ప్రతిపాదించాడు. జాన్ మెకార్తీ లిస్ప్ వ్యాసం, అందులోని గార్బేజ్ కలెక్షన్, అచ్చయింది కూడా అదే సంవత్సరం. జావా వాళ్ళు రెండో దారిలో వెళ్ళారు. కెర్నల్‌కి ఆ దారి కుదరదు. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు ఊడుస్తానంటే కుదరదు కదా, పెన్ డ్రైవ్ పీకేశాక దాని డ్రైవర్ తాలూకు వస్తువు ఎప్పుడు పోతుందో కచ్చితంగా తెలియాలి.

గొడౌను లెక్క

ఇప్పుడు పూర్ణా మార్కెట్‌కి వద్దాం. జగదాంబ నుంచి వన్‌టౌన్ వైపు వెళ్ళే దారిలో ఉన్న మార్కెట్టే. మా మావయ్యకి అక్కడ ఉల్లిపాయల కొట్టు ఉంది. సాయంత్రం కొట్లు కట్టేసే వేళకి మిగిలిన బస్తాలు గొడౌన్లోకి చేరతాయి. ఇలా ఊహించుకోండి: ఒక గొడౌనుని అయిదారుగురు వర్తకులు కలిసి అద్దెకి తీసుకున్నారు. కాపలావాడు లేడు. లోపల గోడకి ఒక బోర్డు, ఒక సుద్దముక్క. లోపలికి వచ్చినవాడు బోర్డు మీద అంకెకి ఒకటి కలపాలి, వెళ్ళేవాడు ఒకటి తీసేయాలి. తీసేస్తే సున్నా వచ్చినవాడు లైటార్పి, షట్టర్ దించి, తాళం వేయాలి. తాళం పడ్డ గొడౌనుని ఓనరు వెంటనే ఇంకొకరికి అద్దెకిచ్చేస్తాడు. ఈ చివరి షరతు గుర్తుపెట్టుకోండి. కెర్నల్లో మెమొరీ అచ్చం ఇలాగే చేతులు మారుతుంది.

ఒక్కొక్కరే వచ్చి పోతుంటే ఏ గొడవా లేదు. ఇద్దరు ఒకేసారి వస్తే?

లోపల ఒకడున్నాడు, బోర్డు మీద 1. ఇద్దరు కొత్తవాళ్ళు ఒకేసారి లోపలికొచ్చి ఒకేసారి బోర్డు చూశారు. ఇద్దరికీ 1 కనిపించింది. మొదటివాడు 1 చెరిపి 2 రాశాడు. రెండోవాడు బోర్డు మళ్ళీ చూడకుండా, తన మనసులో ఉన్న 1కి ఒకటి కలిపి, వాడూ 2 రాశాడు. లోపల ముగ్గురున్నారు, బోర్డు ఇద్దరంటోంది. తర్వాత ఇద్దరు వెళ్ళిపోతారు. రెండోవాడు సున్నా రాసి షట్టర్ దించేస్తాడు, లోపల ఇంకా ఒకడు బస్తాలు సర్దుతూ ఉండగానే.

ఇద్దరు ఒకేసారి బయటికెళ్తూ ఇదే పొరపాటు చేస్తే నష్టం రెండో రకం. అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువ మిగిలిపోతుంది, అందరూ వెళ్ళిపోయినా బోర్డు మీద 1 ఉంటుంది, షట్టర్ ఎవ్వరూ దించరు, లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. దీన్నే మనం మెమొరీ లీక్ అంటాం. కరెంటు బిల్లు తప్ప ప్రాణం మీదికి వచ్చేది కాదు. మొదటి రకాన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు, అంటే వదిలేసిన మెమొరీని ఇంకా మనదే అనుకుని వాడటం. గొడౌను అప్పటికే మిరపకాయల వర్తకుడి చేతిలోకి వెళ్ళిపోయింది. మనవాడు చీకట్లో తన ఉల్లిపాయల బస్తా అనుకుని చెయ్యి పెడుతున్నాడు. అక్కడ ఏ బస్తా ఉండాలో నిర్ణయించేది మన శత్రువే అయితే? కెర్నల్ మీద దాడుల్లో ఎక్కువభాగం చెప్పేది ఈ కథే.

సీలో "కౌంట్ ప్లస్ ప్లస్" అని రాస్తే చూడ్డానికి ఒక్క పనే. ప్రాసెసర్‌కి అది మూడు పనులు: మెమొరీ నుంచి చదువు, ఒకటి కలుపు, తిరిగి రాయి. బోర్డు చూడటం, మనసులో కూడటం, చెరిపి రాయటం లాగే. ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో ఇంటరప్టులు ఆపేస్తే ఈ మూడిటి మధ్యలోకి ఎవరూ రాలేకపోయేవారు. 1996లో వచ్చిన లైనక్స్ 2.0 ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లని నడపడం నేర్చుకుంది, కానీ కెర్నల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం వేసి. ఆ పెద్ద తాళాన్ని ముక్కలు ముక్కలుగా విప్పుకుంటూ వచ్చి, పూర్తిగా తీసేసింది 2011లో. అంటే పదిహేనేళ్ళ పని! ఆ మధ్యకాలంలో, ఒకప్పుడు పెద్ద తాళం నీడలో హాయిగా ఉన్న ప్రతి అంకె గురించీ మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. ఈ రోజు తోపుడుబండి మీద క్యూఆర్ కోడ్ పక్కన పెట్టుకున్న మామూలు ఫోన్లో కూడా ఎనిమిది కోర్లు ఉంటున్నాయి కాబట్టి ఇది సర్వర్లవాళ్ళ గొడవ మాత్రమే అనుకోవడానికి లేదు.

అటామిక్ అంటే సగం జవాబే

బోర్డు దగ్గరి సమస్యకి ప్రాసెసర్లోనే మందు ఉంది. ఇంటెల్ వాటిలో ఇన్‌స్ట్రక్షన్ ముందు లాక్ అనే ప్రిఫిక్స్ పెడితే చదవడం, కలపడం, రాయడం మధ్యలో ఇంకో కోర్ దూరదు. ఆర్మ్ ప్రాసెసర్లలో చాలాకాలం వేరే పద్ధతి: చదివేటప్పుడు "దీని మీద నా కన్నుంది" అని గుర్తుపెట్టుకుంటుంది, రాసేటప్పుడు ఈలోగా ఎవరైనా ముట్టుకుని ఉంటే రాత ఫెయిల్ అవుతుంది, మళ్ళీ మొదట్నుంచి. కెర్నల్ ఈ తేడాలన్నీ అటామిక్_టీ అనే టైప్ వెనక దాచేసింది.

తగ్గించేటప్పుడు ఇంకో మెలిక. ముందు తగ్గించి, తర్వాత విడిగా "సున్నానా?" అని చూస్తే సరిపోదు. లెక్క 2 ఉంది అనుకోండి. ఒక థ్రెడ్ దాన్ని 1 చేసింది, ఇంకోటి 0 చేసింది. ఇప్పుడు మొదటిది చూస్తే 0, రెండోది చూసినా 0. ఇద్దరూ "ఆఖరివాణ్ణి నేనే" అనుకుని ఇద్దరూ ఫ్రీ చేస్తారు. డబుల్ ఫ్రీ. తగ్గించడమూ అటామిక్కే, చదవడమూ అటామిక్కే, అయినా ప్రోగ్రామ్ తప్పే. అందుకే కెర్నల్లో "తగ్గించి, సున్నా అయిందో లేదో చెప్పు" అన్నది ఒకే ఆపరేషన్‌గా ఉంటుంది. ఎంతమంది ఒకేసారి తగ్గించినా ఒక్కరికే అవునని జవాబు వస్తుంది.

వరస విషయం కూడా ఉంది, తేలిగ్గా మర్చిపోయేది. ఒక కాలు ఇంకా లోపలే ఉండగా, చేతిలో బస్తా సగం దాకా ఎత్తి ఉండగా అంకె తగ్గించకూడదు. కంపైలరూ ప్రాసెసరూ వేగం కోసం మనం రాసిన వరసని అటూ ఇటూ మారుస్తాయి. కాబట్టి వస్తువు మీద నా పనులన్నీ అయ్యాకే నా తగ్గింపు ఇతరులకి కనిపించాలి అన్న హామీ కావాలి. సున్నా చూసి ఫ్రీ చేసేవాడికి అందరి పనులూ అయిపోయినట్టు కనిపించాలి. పుస్తకాల్లో రిలీజ్, అక్వైర్ అని చదివేది ఇదే.

2004 ప్రాంతంలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఇదంతా కెరెఫ్ అనే చిన్న స్ట్రక్చర్‌లో పెట్టి అందరూ వాడుకునేలా చేశాడు. ఎవరికి వాళ్ళు సొంతంగా లెక్కలు రాసుకుని తప్పులు చేయడం తగ్గాలని. కెరెఫ్ డాక్యుమెంటేషన్లో మూడు నియమాలు ఉంటాయి. పాయింటర్‌ని దాచుకోబోతున్నా, ముఖ్యంగా ఇంకో థ్రెడ్‌కి అప్పగించబోతున్నా, అప్పగించే ముందే లెక్క పెంచు. పని అయ్యాక తగ్గించు. ఈ రెండూ ఎవరికైనా తోస్తాయి. మూడోది: చేతిలో ఇప్పటికే లెక్కలో ఉన్న పాయింటర్ లేకుండా కొత్తగా లెక్క పెంచబోతే, సరిగ్గా అదే సమయంలో ఇంకొకరు దాన్ని సున్నా చేయకుండా చూసుకునే ఏర్పాటు నీదే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మూడోదే. దాన్ని వీలైనంత తేలిగ్గా చెప్పగలనా అని గొడౌను కథ మావయ్యకి చెప్పాను. ఆయనకి కంప్యూటర్ అంటే జీఎస్‌టీ బిల్లులు కొట్టే మెషిన్. అంతా విని ఒక్క మాట అడిగాడు:

"ఒరే, బోర్డు లోపల గోడకుంది అన్నావు గదా. బయటినుంచొచ్చినోడు లోపలికి ఎల్తేనేగా అది కనిపించేది?"

"అవును మావయ్యా."

"మరాడు లోపల కాలెట్టేటప్పటికి గొడౌను మనదేనని ఎవుడు చెప్పాడు? లోపలున్నోడు నీకోసం పట్టుకునుంటే అది వేరే సంగతి. ఆడు లెక్క పెంచి, నిన్ను తీసుకెళ్తాడు. ఎవుడూ లేకపోతే ఏటి?"

అంతే విషయం. రిఫరెన్స్ కౌంట్ అనే అంకె ఆ వస్తువు లోపలే ఉంటుంది. దాన్ని చదవాలన్నా ఆ మెమొరీని ముట్టుకోవాలి. ముట్టుకునే హక్కు ఆ అంకె వల్లే వస్తుంది. కాబట్టి అప్పటికే లోపలున్నవాడికే రిఫరెన్స్ కౌంట్ రక్షణ ఇవ్వగలదు. బయటినుంచి వచ్చేవాడికి అది ఏమీ ఇవ్వలేదు, ఎంత అటామిక్‌గా ఉన్నా సరే. "మా కౌంటర్ అటామిక్, కాబట్టి మా కోడ్ థ్రెడ్ సేఫ్" అన్న వాక్యం ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కనిపిస్తే నాకు అనుమానం మొదలయ్యేది ఇందుకే.

బయటినుంచి రావడం అంటే కెర్నల్లో వెతకడం. ప్రాసెస్ నంబరు ఇచ్చి ప్రాసెస్‌ని వెతుకుతాం, పేరు ఇచ్చి ఫైలుని వెతుకుతాం, ఐపీ అడ్రసూ పోర్టూ ఇచ్చి సాకెట్‌ని వెతుకుతాం. జాబితాలో పాయింటర్ దొరుకుతుంది. దొరికిన క్షణానికీ మనం లెక్క పెంచే క్షణానికీ మధ్య ఇంకో కోర్ మీద ఎవడో ఆఖరి లెక్క తగ్గించి ఫ్రీ చేసేయవచ్చు. నానోసెకన్ల కిటికీ. కానీ కోటిసార్లు ప్రయత్నించే ఓపిక ప్రోగ్రామ్‌కి ఉంటుంది.

దీనికి పాత మందు తాళం. వెతకడం, లెక్క పెంచడం రెండూ ఒకే తాళం కింద జరగాలి. జాబితాలోంచి తీసేయడమూ అదే తాళం కింద జరగాలి. మార్కెట్ భాషలో, వీధి మొదట్లో గేటు దగ్గర ఒక కాపలావాడు. పనిచేస్తుంది, కానీ వెతికే ప్రతివాడూ గేటు దగ్గర క్యూ కట్టాలి.

రెండో మందు ఆర్‌సీయూ. పాల్ మెకెన్నీ దీని వెనక ప్రధాన వ్యక్తి. లైనక్స్‌లోకి 2002 అక్టోబరులో వచ్చింది, ఆ ప్యాచ్‌ల మీద పనిచేసిన దీపాంకర్ శర్మ ఐబీఎం మనిషి. ఆలోచన ఇది: వెతికేవాళ్ళని ఆపొద్దు. వస్తువు జాబితాలోంచి తీసేశాక వెంటనే ఫ్రీ చేయకు. తీసేసే సమయానికి వెతుకులాటలో ఉన్న వాళ్ళందరూ తమ పని ముగించేదాకా ఆగు, తర్వాత ఫ్రీ చెయ్. ఓనరు గొడౌను వెంటనే అద్దెకి ఇవ్వకుండా, అప్పటికే వీధిలో నడుస్తున్న ఆఖరి మనిషి దాటిపోయేదాకా ఖాళీగా ఉంచుతాడన్నమాట. అప్పుడు బయటినుంచి వచ్చినవాడు ధైర్యంగా లోపలికి తొంగి బోర్డు చూడొచ్చు. అంకె సున్నా కాకపోతే ఒకటి పెంచుకుంటాడు, సున్నా అయితే "ఇది చచ్చిపోయింది" అని వెనక్కి తిరుగుతాడు. ఈ "సున్నా కాకపోతేనే పెంచు" అన్నది కూడా ఒకే అటామిక్ ఆపరేషన్. అయితే ఆర్‌సీయూ గానీ తాళం గానీ లేకుండా దీన్ని ఒంటరిగా వాడితే ఏ ప్రయోజనమూ లేదు. చూస్తున్న బోర్డు ఎవరిదో తెలియనప్పుడు దాని మీద సున్నా ఉంటేనేం, ఏడుంటేనేం.

ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్తా. లెక్క కాపాడేది వస్తువు ప్రాణాన్నే, లోపలి సరుకుని కాదు. ఇద్దరికీ సరైన రిఫరెన్స్ ఉన్నా, ఇద్దరూ ఒకే ఫీల్డ్ మార్చబోతే దానికి విడిగా తాళం కావాలి.

429 కోట్ల సార్లు

2016 జనవరిలో ఇజ్రాయెల్‌కి చెందిన పర్సెప్షన్ పాయింట్ సంస్థ ఒక లోపాన్ని బయటపెట్టింది. నంబరు సీవీఈ-2016-0728. లైనక్స్ 3.8 నుంచి, అంటే 2013 ఫిబ్రవరి నుంచి అది కెర్నల్లో ఉంది.

లైనక్స్‌లో కీరింగ్ అనే సదుపాయం ఉంది. పాస్‌వర్డ్‌లూ ఎన్‌క్రిప్షన్ తాళంచెవులూ కెర్నల్ దగ్గర భద్రంగా దాచుకునే గుత్తి. ప్రతి ప్రాసెస్‌కీ ఒక సెషన్ గుత్తి ఉంటుంది. "నాకు ఫలానా పేరున్న గుత్తి ఇవ్వు" అని ప్రాసెస్ అడిగితే కెర్నల్ ఆ పేరుతో వెతికి, ఉంటే దాన్నే ఇస్తుంది. వెతికే ఫంక్షన్ దొరికిన గుత్తి లెక్క ఒకటి పెంచి అప్పగిస్తుంది.

నాకు ముచ్చటేసిన సంగతి ఆ వెతికే ఫంక్షన్‌లో ఉంది. పైన అంతసేపు మాట్లాడుకున్న కష్టమైన భాగాన్ని అది సరిగ్గా చేసింది. తాళం కింద వెతికింది. పేరు కలిసినా గుత్తి లెక్క సున్నా అయి ఉంటే చనిపోతున్న గుత్తి అని గుర్తించి వదిలేసింది. "సున్నా కాకపోతేనే పెంచు" అన్న ఆపరేషన్నే వాడింది. రాసినవాళ్ళకి రేస్ కండిషన్ల గురించి బాగా తెలుసని ఆ రెండు లైన్లు చూస్తేనే అర్థమవుతుంది.

తప్పు దాన్ని పిలిచినచోట జరిగింది. ప్రాసెస్ అడిగిన గుత్తి, దాని దగ్గర ఇప్పటికే ఉన్న గుత్తి ఒకటే అయితే? మార్చాల్సింది ఏమీ లేదు. కోడ్ "సరే, ఏ పనీ లేదు" అని విజయవంతంగా బయటికి దూకేసింది. దూకేటప్పుడు, వెతికే ఫంక్షన్ పెంచి ఇచ్చిన ఒక లెక్కని తగ్గించడం మర్చిపోయింది.

అంటే అడిగిన ప్రతిసారీ గుత్తి లెక్క ఒకటి పెరుగుతుంది. ఒకసారి అయితే లీక్, గొడౌన్లో లైటు వెలుగుతూ ఉండిపోయినట్టు. ఇంతకుముందు దీన్ని చిన్న నష్టం అన్నాను. కానీ ఆ లెక్క 32 బిట్ల అంకె. 429,49,67,296 సార్లు పెంచితే, అంటే 2 ఘాతం 32 సార్లు, స్కూటర్ మీటర్ 99999 దాటి మళ్ళీ సున్నాల్లోకి వచ్చినట్టు అంకె చుట్టూ తిరిగి సున్నాకి వస్తుంది. ఆ సంస్థ తన వివరణలో చెప్పిన ప్రకారం అప్పటి ఒక ఇంటెల్ కోర్ ఐ7 మీద దీనికి సుమారు అరగంట పట్టింది.

లెక్క సున్నా అయ్యాక కెర్నల్లో చనిపోయిన గుత్తుల్ని ఊడ్చే పని వచ్చి, దీన్నీ ఫ్రీ చేసేస్తుంది. ప్రాసెస్ దగ్గర పాయింటర్ మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు అదే సైజు ఉన్న వేరే మెమొరీ కెర్నల్‌ని అడిగితే, ఖాళీ అయిన ఆ చోటే దొరికే అవకాశం ఎక్కువ. ఆ చోట్లో దాడి చేసేవాడు తనకి నచ్చిన బైట్లు నింపుతాడు. గుత్తి స్ట్రక్చర్‌లో "నన్ను రద్దు చేయాలంటే ఈ ఫంక్షన్ పిలువు" అని చెప్పే పాయింటర్లకి దారి ఉంటుంది. వాడు అక్కడ తన ఫంక్షన్ అడ్రసు పెట్టి, "నా గుత్తి రద్దు చెయ్" అని మర్యాదగా అడుగుతాడు. కెర్నల్ తన పూర్తి అధికారంతో వాడి కోడ్ నడుపుతుంది. కొత్త ప్రాసెసర్లలో ఉన్న రక్షణలు ఆన్ చేసి ఉంటే ఇది ఇంకా కష్టమవుతుంది, నిజమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో మూడింట రెండు వంతుల వాటికి ముప్పు ఉందని ఆ సంస్థ అంది. చాలా ఫోన్లలో పాత కెర్నలే ఉంది, అంత లేదు అని గూగుల్ జవాబిచ్చింది.

సవరణ ఎంతో తెలుసా? బయటికి దూకే ముందు లెక్క తగ్గించే ఒక్క లైను.

ఇందులో రెండో థ్రెడ్ అక్కర్లేకుండానే లెక్క సున్నాకి వచ్చిందని గమనించండి. అటామిక్ కౌంటర్ 429 కోట్ల చిల్లర సార్లు ఒక్క తప్పు లేకుండా కూడింది. కూడమన్నంత కూడింది.

ఆగిపోయే మీటర్

ఆ తర్వాతి సంవత్సరం, 2017లో వచ్చిన 4.11 కెర్నల్లో రెఫ్‌కౌంట్_టీ అనే కొత్త టైప్ చేరింది. పీటర్ జిల్‌స్ట్రా దాన్ని రాశాడు. పాత అటామిక్ కౌంటర్లని వెతికి దీంట్లోకి మార్చే పెద్ద పనిలో ఎలీనా రెషెటోవా, కీస్ కుక్ వంటివాళ్ళు ఉన్నారు. నాకు ఇందులో నచ్చింది దాని నిరాశావాదం. "నువ్వు తప్పు చేస్తావు, నాకు తెలుసు" అన్న నమ్మకంతో రాసినట్టు ఉంటుంది. అంకె మరీ పెద్దదైతే చుట్టూ తిరగదు, అక్కడే బిగుసుకుపోతుంది. ఇక పెరగదు, తగ్గదు, ఆ వస్తువు ఎప్పటికీ ఫ్రీ అవదు. అంటే యూజ్ ఆఫ్టర్ ఫ్రీని కావాలనే లీక్‌గా మార్చేసింది: షట్టర్ మనిషి మీద పడేకంటే లైటు జీవితాంతం వెలగడం నయం. సున్నా ఉన్నదాన్ని ఎవరైనా పెంచబోతే హెచ్చరిక లాగ్‌లో పడుతుంది, ఎందుకంటే చచ్చినదాన్ని లేపబోయేవాడు మూడో నియమం తప్పినట్టే. దీనివల్ల వేగం తగ్గుతుందని నెట్‌వర్కింగ్ కోడ్ చూసేవాళ్ళు అభ్యంతరం చెప్పారు. ప్యాకెట్ ప్యాకెట్‌కీ లెక్క మార్చేవాళ్ళకి ఒక్క అదనపు పోలిక కూడా బరువే. వాళ్ళ బాధ అబద్ధం కాదు.

ఆ బరువు అసలు ఎక్కడుందంటే, కూడికలో కాదు. ఎనిమిది కోర్లు ఒకే అంకెని మారుస్తుంటే, ఆ అంకె ఉన్న క్యాష్ లైను ప్రతిసారీ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి ప్రయాణం చేయాలి. సుద్దముక్క ఒకటే, అడిగేవాళ్ళు ఎనిమిదిమంది. 2013లో కెంట్ ఓవర్‌స్ట్రీట్ తెచ్చిన పెర్‌సీపీయూ రెఫ్ దీనికి గమ్మత్తయిన దారి చూపింది. ప్రతి కోర్‌కీ దాని బోర్డు దానికే. ఒక తలుపులో వచ్చి ఇంకో తలుపులో వెళ్ళవచ్చు, అప్పుడు ఒక బోర్డు మీద +40, ఇంకో దాని మీద -38 ఉన్నా పర్లేదు. మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, గొడౌను మూసేద్దాం అని నిర్ణయించేదాకా. అప్పుడు అన్ని బోర్డులూ కలిపి ఒకే అటామిక్ అంకెగా మార్చి, అక్కడినుంచి మామూలు పద్ధతిలో సున్నా కోసం చూస్తారు.

పైథాన్ రాసేవాళ్ళకి ఇది దూరం విషయం కాదు. మనం వాడే సీపైథాన్‌లో ప్రతి ఆబ్జెక్టులోనూ రిఫరెన్స్ కౌంట్ ఉంటుంది. దాన్ని అటామిక్ చేస్తే ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రాములు కూడా నెమ్మదిస్తాయి కాబట్టి, ఇంటర్‌ప్రెటర్ మొత్తానికీ ఒకే తాళం వేశారు. అందరూ తిట్టుకునే జీఐఎల్ అదే. లైనక్స్ 2011లో వదిలించుకున్న పెద్ద తాళానికి తమ్ముడన్నమాట. శామ్ గ్రాస్ రాసిన పెప్ 703 ప్రకారం, ఆబ్జెక్టుని సృష్టించిన థ్రెడ్‌కి ఒక చవక లెక్క, మిగతా థ్రెడ్లకి ఇంకో అటామిక్ లెక్క పెట్టి ఆ తాళం తీసేయొచ్చు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో ప్రయోగాత్మకంగా ఆ రకం బిల్డ్ ఇచ్చారు. రస్ట్ అయితే కంపైలర్‌నే కాపలా పెట్టింది: అటామిక్ కాని లెక్క ఉన్న ఆర్‌సీని ఇంకో థ్రెడ్‌కి పంపబోతే ప్రోగ్రామ్ కంపైలే అవదు, ఏఆర్‌సీ వాడాల్సిందే. లెక్క తగ్గించే పని కూడా వేరియబుల్ స్కోప్ దాటగానే దానంతటదే జరుగుతుంది, కీరింగ్‌లో మర్చిపోయిన ఆ ఒక్క లైనుతో సహా. 2022 చివర్లో వచ్చిన 6.1 నుంచి కెర్నల్లో రస్ట్‌కి చోటు దొరకడానికి ఇలాంటి తప్పులు కూడా ఒక కారణం.

అయినా ఇప్పటికీ కెర్నల్లో అత్యధిక భాగం సీ కోడే. చదవాలనుకునేవాళ్ళకి నేను పాటించే పద్ధతి చెప్తాను. ఏదైనా ఒక డ్రైవర్ ఫైలు తీసుకోండి, చిన్నదైతే మేలు. లెక్క పెంచే ప్రతి చోటునీ పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసుకోండి. పేరులో గెట్ అని ఉన్నవి సులభంగా దొరుకుతాయి. గెట్ అని లేకుండానే లోపల పెంచి ఇచ్చేవి ఉంటాయి, పేరులో ఫైండ్, లుకప్ అని ఉన్నవాటిని తెరిచి చూస్తే గానీ తెలియదు. అక్కడినుంచి ఫంక్షన్ బయటికి పోయే దారులన్నీ గీయండి. మామూలు దారి చూడనక్కర్లేదు, అది వందమంది చూసి ఉంటారు. గోటూలు చూడండి, మధ్యలో రిటర్న్‌లు చూడండి, "చేయాల్సింది ఏమీ లేదు" అని విజయంతో వెళ్ళిపోయే దారిని మరీ ముఖ్యంగా చూడండి. ప్రతి దారి చివరా ఒక పుట్ కనిపించాలి.

మొదటి ఫైలుగా కెర్నల్ సోర్సులో సెక్యూరిటీ ఫోల్డర్ కింద, కీస్ అనే ఫోల్డర్లో ఉన్న ప్రాసెస్_కీస్ తీసుకోవచ్చు. జాయిన్_సెషన్_కీరింగ్ ఫంక్షన్లో పాత గుత్తీ కొత్త గుత్తీ ఒకటేనా అని పోల్చే ఇఫ్ దగ్గరే 2016లో ఆ ఒక్క లైను చేర్చారు.